లాట్లు కలపకముందే జోనింగ్ గురించి చెప్పండి: అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, ఆ సంఘాల సభల్లో రియల్ ఎస్టేట్ సదస్సులు నడిపే పెద్దలకు,

నమస్కారం.

మీ సభల్లో రియల్ ఎస్టేట్ సదస్సు అంటే హాలు నిండిపోతుంది. లోను ఎలా తెచ్చుకోవాలో, ఎల్‌ఎల్‌సీ అనే పరిమిత బాధ్యత కంపెనీ ఎప్పుడు పెట్టుకోవాలో, అద్దె మీద పన్ను ఎలా తగ్గించుకోవాలో వక్తలు చక్కగా చెబుతారు. కొన్న స్థలంలో ఆ ఊరి స్థల వినియోగ నిబంధనలు, అంటే జోనింగ్, ఏం చేయనిస్తాయి, ఏం చేయనివ్వవు అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. దాని గురించే ఈ ఉత్తరం.

నేను అమెరికాలో ఒక నగరపాలక సంస్థ ప్రణాళికా విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నవి నా సొంత మాటలు, ఆఫీసు తరఫున రాస్తున్నవి కావు. అందుకే ఊరి పేరు పెట్టడం లేదు. మా కౌంటర్ దగ్గర మనవాళ్లు అడిగే ప్రశ్నల్లో ఒకటి తరచూ వినిపిస్తుంది. “పక్కపక్కనే రెండు లాట్లు, చెరొకదాంట్లో ఇల్లు. రెండూ మావే. కలిపి ఒకటి చేసేసి, రెండిళ్లూ అద్దెకిద్దామనుకుంటున్నాం. ఏమైనా ఇబ్బందా?” ఇలా ముందే అడిగేవాళ్లను చూస్తే నాకు ప్రాణం కుదుటపడుతుంది. ఎక్కువమంది కలిపేశాక వస్తారు, అద్దెకిచ్చేశాక వస్తారు. కొందరు నోటీసు చేత్తో పట్టుకుని వస్తారు. అప్పటికి నేను చేయగల సాయం పెద్దగా ఉండదు.

మన ఊళ్లలో అన్నదమ్ములిద్దరు పక్కపక్క స్థలాలు కొని, చుట్టూ ఒకే ప్రహరీ కట్టుకుని, లోపల రెండిళ్లు వేసుకుని, పై పోర్షన్లు అద్దెకిచ్చుకోవడం మామూలే. నిబంధనలు అక్కడా ఉన్నాయి. కానీ గేటుకి టులెట్ బోర్డు తగిలించినందుకు మున్సిపాలిటీ మనిషి రావడం అరుదు. ఆ అలవాటు మనతోపాటే ఇక్కడికి వచ్చింది. అయితే గుంటూరులోనో కరీంనగర్‌లోనో స్థలం కొనేటప్పుడు అదే మనిషి ఎంత జాగ్రత్తగా ఉంటాడో చూడండి. లింకు డాక్యుమెంట్లు తిరగేస్తాడు, ఈసీ తీయిస్తాడు, లేఅవుట్‌కి ఎల్పీ నంబరు ఉందా అని అడుగుతాడు, తెలిసిన లాయరుకి చూపించిగానీ అడ్వాన్సు ఇవ్వడు. ఇక్కడికొచ్చేసరికి ఆ జాగ్రత్తంతా యాజమాన్య హక్కును పరిశీలించి బీమా ఇచ్చే టైటిల్ కంపెనీకి అప్పజెప్పి నిశ్చింతగా ఉంటాడు. టైటిల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యం. సాధారణ టైటిల్ పాలసీ తీసి మినహాయింపుల పేజీ చదివితే మొదట్లోనే కనిపించేది జోనింగ్, స్థల వినియోగం, కట్టడాల నిబంధనలు. స్థలం మీదేనని ఆ పాలసీ హామీ ఇస్తుంది. ఆ స్థలంలో రెండిళ్లు ఉండొచ్చని, వాటిని అద్దెకివ్వొచ్చని హామీ ఇవ్వదు. జోనింగ్‌కి విడిగా ఎండార్స్‌మెంట్ అనే అదనపు హామీ తీసుకునే వీలుంది గానీ, అది ఎక్కువగా వాణిజ్య భవనాలు కొనేవాళ్లు అడిగి తీసుకునేది. ఇళ్లు కొనే మనవాళ్లకు దాని పేరు కూడా ఎవరూ చెప్పరు.

ముందు తేలవలసింది, చట్టం దృష్టిలో మీ దగ్గర ఉన్నది ఒక లాటా, రెండా అన్నది. ఈ ఒక్క ప్రశ్నకు మూడు చోట్ల మూడు జవాబులు ఉండవచ్చు. కౌంటీ (జిల్లా లాంటిది) అసెసర్, అంటే ఆస్తి విలువ కట్టే అధికారి, దగ్గర ఉండే పార్సిల్ నంబరు పన్ను వసూలు కోసం. కౌంటీ రికార్డుల్లో నమోదైన, స్థలాల విభజన చూపే ప్లాట్ మ్యాపులో ఉండే లాట్ నంబరు అమ్మకాలు, కొనుగోళ్ల కోసం. సిటీ జోనింగ్ కోడ్‌లో లాట్ అంటే ఏమిటో ఇచ్చిన నిర్వచనం వేరు. ఈ మూడూ ఒకటే కావాలని లేదు. “రెండు పన్ను బిల్లులెందుకు, ఒకటి చేయించుకుందాం” అని ఒక ఫారం నింపి ఇస్తే, కొన్ని కౌంటీల్లో బిల్లు మాత్రమే ఒకటవుతుంది, లాట్లు రెండూ అలాగే ఉంటాయి. ఇంకొన్ని చోట్ల అదే పని లాట్లను శాశ్వతంగా కలిపేస్తుంది. సరిహద్దు గీత మీదుగా గ్యారేజీయో ఈతకొలనో కట్టినా, ఒక ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ (సెట్‌బ్యాక్) కోసం పక్క లాట్ స్థలాన్ని లెక్కలో చూపించి పర్మిట్ తీసుకున్నా, రెండూ ఒకటే లాట్ అని రాసిచ్చినట్టే లెక్కగట్టే ఊళ్లున్నాయి. ఏ కాగితం మీదా సంతకం పెట్టకపోయినా, రెండు లాట్లూ ఒకే పేరు మీదకి రావడంతోనే కలిసిపోయే చోట్లు కూడా ఉన్నాయి. ఈ చివరి మాట చెబితే కౌంటర్ దగ్గర ఎవరూ నమ్మరు. కాబట్టి సుప్రీం కోర్టు దాకా వెళ్లిన ఒక కేసు చెబుతాను. సదస్సుల్లో మీరు చెప్పవలసిన కేసు ఒక్కటే అయితే నేను దీన్నే చెప్పమంటాను.

విస్కాన్సిన్ రాష్ట్రంలో సెయింట్ క్రోయ్ నది ఒడ్డున ట్రాయ్ అనే ఊరుంది. అక్కడ మర్ అనే దంపతులు 1960లో ఒక లాట్ కొని చిన్న ఇల్లు కట్టుకున్నారు. దాన్ని తమ ప్లంబింగ్ కంపెనీ పేరున రాశారు. 1963లో పక్క లాట్ కొని తమ సొంత పేర్ల మీద ఉంచుకున్నారు. అది ఖాళీగానే ఉంది, పిల్లలకు ఎప్పటికైనా పనికొస్తుందని. 1972లో ఆ నది దిగువ భాగాన్ని ఫెడరల్ ప్రభుత్వం రక్షిత నదుల జాబితాలో చేర్చింది. ఆ తర్వాత వచ్చిన నిబంధనల ప్రకారం, ఇల్లు కట్టుకోవడానికి అనువైన నేల కనీసం ఎకరం ఉంటేనే లాట్‌ను విడిగా అమ్మాలి, విడిగా కట్టాలి. పాత చిన్న లాట్లకు మినహాయింపు ఇచ్చారు. కానీ పక్క లాట్ కూడా అదే యజమానిదైతే ఆ మినహాయింపు లేదు. 1994లో ఒక లాట్, 1995లో రెండోది తల్లిదండ్రులు పిల్లల పేరున రాసిచ్చారు. అంతే. రెండూ ఒకే పేర్ల మీదకి వచ్చాయి, రెండూ కలిసిపోయాయి. ఒక్కో లాట్ దాదాపు ఎకరంపావు ఉన్నా, నిటారు గట్టు, నీటి అంచు తీసేస్తే రెండింటిలో కలిపి పనికొచ్చే నేల 0.98 ఎకరాలు. పాత ఇంటిని బాగుచేసుకోవడానికి ఖాళీ లాట్ అమ్ముదామనుకుంటే కౌంటీ కుదరదంది.

పరిహారం కోరుతూ వాళ్లు కోర్టుకి వెళ్లారు. 2017 జూన్ 23న అమెరికా సుప్రీం కోర్టు 5-3 తేడాతో ప్రభుత్వం వైపు తీర్పిచ్చింది. రెండు లాట్లనూ కలిపి ఒకే ఆస్తిగా చూడాలని, ఆ లెక్కన పరిహారం ఇవ్వవలసినంత నష్టం జరగలేదని జస్టిస్ కెన్నెడీ రాశారు. కేసులో దాఖలైన అంచనాలు చూడండి. రెండూ కలిసి ఒకే ఆస్తిగా 6,98,300 డాలర్లు. రెండు విడి లాట్లుగా అమ్ముకునే హక్కు ఉంటే 7,71,000 డాలర్లు. ఇల్లు కట్టే హక్కు లేకుండా ఖాళీ లాట్ ఒక్కటీ అమ్మితే 40,000 డాలర్లు. ఆ ఏడాది నవంబరులోనే విస్కాన్సిన్ శాసనసభ చట్టం మార్చి ఇలాంటి పాత లాట్లను విడిగా అమ్ముకునే, కట్టుకునే వీలు కల్పించింది. మర్ కుటుంబానికి అలా దారి దొరికింది. మిగతా రాష్ట్రాల్లో ఇలా కలిసిపోయే నిబంధన ఎన్నో కౌంటీల కోడ్‌లలో అలాగే ఉంది.

ఆ పిల్లలు చేసిందేమిటి? అమ్మానాన్నలు రాసిచ్చింది తీసుకున్నారు. మనలో ఎంతమంది ఒక లాట్ భర్త పేరున, పక్కది భార్య పేరున కొని, ఏడాది తర్వాత “అంతా ఒకచోట ఉంటే మేలు” అని రెండూ ఒకే ట్రస్టులోనో ఒకే ఎల్‌ఎల్‌సీలోనో వేస్తున్నారు? అలా వేయమని సలహా ఇచ్చేది మీ సదస్సుల వేదికల మీద నుంచే. ఆస్తి రక్షణకు ఆ సలహా మంచిదే కావచ్చు. ఆ ఊళ్లో లాట్లు కలిసిపోతాయో లేదో చూసుకోమని దానికి ఒక్క వాక్యం చేర్చండి.

అన్ని చోట్లా ఇలా లేదు. కాలిఫోర్నియాలో ఒకే యజమాని కావడంతోనే లాట్లు కలిసిపోవు. అక్కడి సబ్‌డివిజన్ (స్థల విభజన) చట్టం ప్రకారం ఊరికి అందుకు ఆర్డినెన్సు (స్థానిక చట్టం) ఉండాలి, యజమానికి నోటీసిచ్చి వాదన వినాలి. వాటిలో కనీసం ఒక లాట్‌లో పర్మిట్ అవసరమైన కట్టడమేదీ లేకుండా ఉండాలి, లేదా షెడ్డు వంటి అనుబంధ కట్టడం మాత్రమే ఉండాలి, లేదా ఉన్న ఒక్క కట్టడం పక్క లాట్‌లోకి కూడా వచ్చి ఉండాలి. అంటే చెరొక ఇల్లు పూర్తిగా తన హద్దులోనే ఉన్న రెండు లాట్లను అక్కడ ఊరు బలవంతంగా కలపడానికి వీల్లేదు. మీరే వెళ్లి కలపమంటే మాత్రం సంతోషంగా కలుపుతుంది. అలా కలిపించుకున్నవాళ్లు పోగొట్టుకునేది చిన్నదేమీ కాదు. కాలిఫోర్నియాలో ప్రతి సింగిల్ ఫ్యామిలీ లాట్‌లోనూ ఒక ఏడీయూ, అంటే పెరట్లోనో ఇంటికి ఆనుకునో అనుబంధ గృహం, కట్టుకునే హక్కు రాష్ట్ర చట్టమే ఇచ్చింది. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్‌బీ 9 చట్టం చాలా లాట్లలో రెండిళ్లకు, లాట్‌ను రెండు చేయడానికి కూడా దారి తెరిచింది. ఈ హక్కులన్నీ లాట్‌ను బట్టి లెక్క. రెండు లాట్లు ఒకటైతే హక్కులు కూడా సగమవుతాయి. ఆ రాష్ట్రంలో లాట్లు విడిగా ఉన్నంతకాలం బలం మీ వైపే ఉంటుంది. పన్ను బిల్లు ఒకటి తగ్గుతుందని దాన్ని వదులుకోవద్దు.

ఇక కలిసిపోయిన లాట్‌లో రెండిళ్ల సంగతి. ఇక్కడే అద్దె ప్రశ్న మొదలవుతుంది. సింగిల్ ఫ్యామిలీ జోన్‌లో లాట్‌కి ఒకే ఇల్లు అన్నది ఇప్పటికీ ఎన్నో ఊళ్ల నియమం. నిన్నటిదాకా రెండు లాట్లలో రెండిళ్లు, రెండూ సక్రమం. లాట్లు కలిపిన మర్నాడు ఒకే లాట్‌లో రెండిళ్లు. రెండోది ఏమిటి? “ఏడీయూ అనుకుందాం” అంటారు. ఏడీయూకి కొలతలుంటాయి. కాలిఫోర్నియాలో కూడా విడిగా కట్టే ఏడీయూకి సాధారణ పరిమితి 1,200 చదరపు అడుగులు. పక్కది మూడు బెడ్‌రూముల పూర్తి ఇల్లయితే ఆ కొలతకు దిగకపోవచ్చు. పైగా కొన్ని ఊళ్లలో రెండింటిలో ఒకదాంట్లో యజమాని ఉండి తీరాలి. మీరు వేరే రాష్ట్రానికి ఉద్యోగం మారి రెండూ అద్దెకిస్తే ఆ షరతు తప్పినట్టే. కాలిఫోర్నియా ఏడీయూల విషయంలో ఆ షరతును తీసేసింది. మీ ఊరు తీసేసిందా లేదా అన్నది మీ ఊరినే అడగాలి.

పాత కాలంలో ఒకే లాట్‌లో ముందొక ఇల్లు, వెనకొక ఇల్లు కట్టినవి ఇంకా చాలా ఉన్నాయి. జోనింగ్ మారకముందు సక్రమంగా కట్టినవి కనుక వాటిని ఉండనిస్తారు. మా పరిభాషలో లీగల్ నాన్‌కన్ఫార్మింగ్, జనం గ్రాండ్‌ఫాదర్డ్ అంటారు. రియల్టర్ ఆ మాట అనగానే మనవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. తొందరపడకండి. ఈ హక్కు వాడుకుంటూ ఉన్నంతకాలమే నిలుస్తుంది. చాలా కోడ్‌లలో ఆరు నెలలో ఏడాదో వాడకం ఆగితే హక్కు పోతుంది. వెనకింటిని మరమ్మతు పేరుతో ఏడాది ఖాళీగా ఉంచితే ఆ తర్వాత అద్దెకివ్వడానికి వీల్లేకపోవచ్చు. అగ్నిప్రమాదంలో ఇంటి విలువలో సగానికి మించి దెబ్బతింటే తిరిగి కట్టనివ్వని ఊళ్లు కూడా చాలా ఉన్నాయి. ఇందుకే కొందరు బ్యాంకువాళ్లు లోను ఇచ్చేముందు “కాలిపోతే తిరిగి కట్టుకోవచ్చు” అని సిటీ నుంచి రీబిల్డ్ లెటర్ తెమ్మంటారు. బ్యాంకు తన డబ్బు గురించి అంత ముందుచూపుతో అడుగుతుంటే, డౌన్ పేమెంట్ కట్టే మనం ఎందుకు అడగం?

ఇంకో మాట, ఇది నన్ను అన్నిటికంటే బాధపెట్టేది. కలపడం సులువు, విడదీయడం కష్టం. కలపడానికి ఒక దరఖాస్తు, సర్వేయర్ గీసిన మ్యాపు, ఫీజు. విడదీయాలంటే అది కొత్త సబ్‌డివిజన్ కింద లెక్క. ఇవాళ్టి కనీస విస్తీర్ణం, ఇవాళ్టి వీధి వెడల్పు, ఇవాళ్టి సెట్‌బ్యాక్, నీరు, మురుగు పైపులు అన్నీ కుదరాలి. వంద ఏళ్ల కిందటి లేఅవుట్‌లో వేసిన సన్నపాటి లాట్లు ఈ కొలతల్లో నిలబడవు. పిల్లలు ఆడుకుంటారని ఫెన్సు తీసి, లాట్లు కలిపించుకుని, మధ్యలో పెద్ద షెడ్డు వేసుకున్న ఒక కుటుంబం మా కౌంటర్‌కి వచ్చింది. పిల్ల చదువు కోసం ఒక ఇల్లు అమ్మి, రెండోది అద్దెకిద్దామని ఆలోచన. ఒక ఇల్లు విడిగా అమ్మడానికి అక్కడ విడి లాటే లేదు. వేరియెన్స్, అంటే నిబంధన నుంచి ప్రత్యేక సడలింపు, అడగొచ్చన్నాను. కానీ తన చేతులారా తెచ్చుకున్న ఇబ్బందికి వేరియెన్స్ ఇవ్వకూడదని చాలా కోడ్‌లలో ఉంటుంది. ఆ ఇంటావిడ “ముందు ఎవరైనా చెప్పుంటే బాగుండేదమ్మా” అంది. ముందు చెప్పగలిగే చోటు మీ సదస్సే.

అద్దెకి ఎవరికిస్తున్నాం అన్నది కూడా జోనింగ్ సంగతేనని మనవాళ్లకు తెలియదు. రెండిళ్లుంటే ఒకటి కుటుంబానికి, ఇంకొకటి కొత్తగా వచ్చిన విద్యార్థులకో, ప్రాజెక్టు కోసం వచ్చిన కుర్రాళ్లకో ఇస్తాం. గదికి ఇద్దరు చొప్పున ఎనిమిది మంది. సాయం చేసినట్టూ ఉంటుంది, అద్దె కూడా బాగా వస్తుంది. రక్తసంబంధం లేనివాళ్లు ఒక ఇంట్లో ఎంతమంది ఉండొచ్చో కోడ్‌లో రాసుకున్న ఊళ్లు చాలా ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో లాంగ్ ఐలాండ్ మీద బెల్ టెర్ అనే చిన్న ఊళ్లో ఒక ఇంట్లో ఆరుగురు విద్యార్థులు అద్దెకున్నారు. సంబంధం లేనివాళ్లు ఇద్దరికి మించకూడదన్నది ఆ ఊరి నియమం. 1974లో సుప్రీం కోర్టు ఊరి పక్షమే నిలిచింది. ఆ కేసులో సరిదిద్దుకోమని ఊరు నోటీసిచ్చింది ఇంటి యజమానులకు.

ఉమ్మడి కుటుంబం వాళ్లం కనుక రెండో కేసు మనకు ఇంకా దగ్గర. ఒహాయోలో ఈస్ట్ క్లీవ్‌లాండ్ అనే ఊళ్లో ఇనెజ్ మూర్ అనే నాయనమ్మ తన సొంత ఇంట్లో కొడుకుతో, ఇద్దరు మనవలతో ఉండేది. మనవలిద్దరూ అన్నదమ్ములు కారు, ఇద్దరు కొడుకుల పిల్లలు. ఆ ఊరి కోడ్‌లో కుటుంబం అనే నిర్వచనంలో ఆ చుట్టరికం పట్టలేదు. ఆమెకు అయిదు రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా వేశారు. 1977లో సుప్రీం కోర్టు ఆ శిక్ష చెల్లదంది. కాబట్టి అమ్మానాన్నలు, బాబాయి పిల్లలు కలిసి ఉంటే భయపడనక్కర్లేదు. స్నేహితుల బృందానికి మాత్రం ఆ రక్షణ ఫెడరల్ స్థాయిలో లేదు. కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 1980లో, కొలరాడో శాసనసభ 2024లో ఇలాంటి పరిమితులకు అడ్డుకట్ట వేశాయి. మిగతా చోట్ల రాష్ట్రాన్ని, ఊరిని బట్టి. కౌంటర్ దగ్గర నేను చూసింది చెప్పాలంటే, ఫిర్యాదు చేసేది చాలాసార్లు పక్కింటివాళ్లే. వీధిలో కార్లు పెరిగాయన్నదే మొదటి మాట. ఇన్‌స్పెక్టరు కార్ల కోసం వచ్చి, వెనకింటికి పర్మిట్ ఉందా, లాట్లు ఎప్పుడు కలిపారు, అద్దె లైసెన్సు ఏదీ అని అన్నీ చూస్తాడు.

రోజుల లెక్కన అద్దెకిచ్చే ఆలోచన ఉంటే అది వేరే లోకం. న్యూయార్క్ నగరంలో 2023 సెప్టెంబరు నుంచి రిజిస్ట్రేషన్ లేనిదే 30 రోజుల లోపు అద్దెకివ్వడం కుదరదు. కాలిఫోర్నియాలో ఎస్‌బీ 9 కింద కట్టిన ఇంటిని 30 రోజులకు మించిన అద్దెకే ఇవ్వాలి.

హ్యూస్టన్‌లో ఉన్నవాళ్లు ఇదంతా మాకు పట్టదనుకుంటారు. నిజమే, ఆ నగరానికి జోనింగ్ లేదు. 1948లో, 1962లో, 1993లో ఓటర్లే వద్దన్నారు. కానీ అక్కడ డీడ్ రెస్ట్రిక్షన్లు, అంటే దస్తావేజులో రాసిన షరతులు, ఉన్నాయి. పాత సబ్‌డివిజన్లలో లాట్‌కి ఒకే ఇల్లు అని డీడ్‌లోనే రాసి ఉంటుంది. దాన్ని అమలు చేయించడానికి నగర న్యాయవాదే కోర్టుకి వెళ్లగలడు. పక్కనే మనవాళ్లు ఎక్కువగా ఉండే షుగర్‌ల్యాండ్‌కి జోనింగ్ ఉంది. మిగతా ఊళ్లలో హెచ్‌ఓఏ (ఆ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) కాగితాలు చదవండి. సిటీ సరేనన్నా హెచ్‌ఓఏ కాదనగలదు.

లోను, ఇన్సూరెన్స్ సంగతులు మీ వక్తలకు నాకంటే బాగా తెలుసు. అందుకని క్లుప్తంగా చెబుతాను. ఒక లాట్ మీదే లోను ఉంటే బ్యాంకు ఒప్పుకోకుండా కలపకూడదు. సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే పన్ను రాయితీ అద్దె ఇంటికి రాదు. ఉమ్మడి డ్రైవ్‌వే, ఒక ఇంటి మురుగు పైపు పక్క లాట్ కింద నుంచి పోవడం వంటివి రెండూ మీవైనంతకాలం ఎవరూ అడగరు. ఒకటి అమ్మే రోజున ఈజ్‌మెంట్, అంటే పక్క స్థలాన్ని అలా వాడుకునే హక్కు, రాయించి నమోదు చేయించాలి.

మరి ఏం చేయాలి? కొనకముందు, కలపకముందు, అద్దె ఒప్పందం రాయకముందు, సిటీ ప్రణాళికా విభాగానికి రాసి జోనింగ్ వెరిఫికేషన్ లెటర్ తీసుకోవాలి. చాలా ఊళ్లు కొంత ఫీజు తీసుకుని ఇస్తాయి. ఊరి పరిధి బయట ఉంటే కౌంటీని అడగాలి. ఇవి విడివిడిగా చట్టబద్ధమైన లాట్లేనా, ఒకే యజమాని కావడం వల్ల కలిసిపోయాయా, ఒక్కో ఇంటికి పర్మిట్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉన్నాయా, కలిపితే రెండో ఇంటి హోదా ఏమవుతుంది, రెండూ ఒకేసారి అద్దెకివ్వొచ్చా, ఎంతమందికి, లైసెన్సు కావాలా, కలిపాక మళ్లీ విడదీయవచ్చా అని సూటిగా రాసి అడగండి. కౌంటర్ దగ్గర నోటి మాటగా నేను చెప్పిన జవాబు మీకు కవచం కాదు. కౌంటర్‌లో ఉద్యోగి అలా చెప్పారని కోర్టులో సిటీని కట్టడి చేయడం చాలా అరుదు. నేను సదుద్దేశంతోనే చెప్పినా, నా ముందు మీ ప్లాట్ మ్యాపు లేకపోతే ఆ జవాబు సగమే. అందుకే కాగితం మీద అడగండి, కాగితం మీద తీసుకోండి.

ఈ నిబంధనలన్నీ న్యాయమైనవని నేను అనడం లేదు. 1926లో యూక్లిడ్ ఊరి కేసులో సుప్రీం కోర్టు జోనింగ్‌కి ఆమోదముద్ర వేసిన తీర్పులోనే, ఒంటరి ఇళ్ల వీధిలో అపార్ట్‌మెంటును పరాన్నజీవి అన్నారు. అద్దెకుండేవాళ్లను దూరం పెట్టాలన్న ఆలోచన ఈ కోడ్‌ల పునాదిలోనే కొంత ఉంది. ఇప్పుడది మారుతోంది. ఎన్నో ఊళ్లలో సింగిల్ ఫ్యామిలీ జోన్లలోనూ లాట్‌కి ఒకటి కంటే ఎక్కువ ఇళ్లు ఉండనిచ్చేలా ఒరెగన్ 2019లో చట్టం చేసింది. మినియాపొలిస్ నగరం సింగిల్ ఫ్యామిలీకే పరిమితమైన జోన్లను తన 2040 ప్రణాళికలో ఎత్తేసింది. నా ఉద్యోగంలో పబ్లిక్ హియరింగులకు కూర్చుంటాను. లాట్‌కి రెండిళ్లు అనుమతించే ప్రతిపాదన వచ్చిన రోజున మైకు ముందుకొచ్చి “మా వీధి మారిపోతుంది” అని వ్యతిరేకించినవాళ్లలో తెలుగువాళ్లనూ చూశాను. తమకు రెండు అద్దె ఇళ్లుండి, పక్క వీధిలో ఇంకొకరికి రెండో ఇల్లు వద్దనడం నాకు మింగుడుపడలేదు. ఎవరి అభిప్రాయం వారిది. కానీ నిబంధన మారాలని కోరుకునేవాళ్లు హియరింగ్‌కి రాకపోతే, వచ్చినవాళ్ల మాటే మినిట్స్‌లోకి ఎక్కుతుంది.

నేను మిమ్మల్ని కోరేది పెద్ద పని కాదు. మీ తర్వాతి సభల్లో రియల్ ఎస్టేట్ సదస్సుకు ఇచ్చే సమయంలో ఒక గంట జోనింగ్‌కి కేటాయించండి. సభ జరిగే ఊరి ప్రణాళికా విభాగం నుంచి ఒకరిని పిలవండి. పిలిస్తే చాలామంది వస్తారు, జనానికి వివరించడం మా ఉద్యోగంలో భాగమే. లాండ్ యూజ్ లాయరు ఒకరిని పక్కన కూర్చోబెట్టండి. మీ వెబ్‌సైట్లలో అద్దె ఇళ్ల గురించి పెట్టే సమాచారంలో వెరిఫికేషన్ లెటర్ నమూనా ఒకటి తెలుగు వివరణతో ఉంచండి. దాన్ని రాసివ్వడానికి నేను సిద్ధం, పైసా తీసుకోను. మీ వేదిక మీద స్టాల్ తీసుకునే రియల్టర్లకు ఒక షరతు పెట్టండి: “రెండు లాట్లు, రెండిళ్లు, డబుల్ రెంట్” అని ప్రకటన వేసే ఆస్తికి ఆ ఊరి జోనింగ్ లెటర్ జతచేయాలి. తెచ్చినవాళ్లకే స్టాల్ ఇవ్వండి.

కార్యవర్గంలో ఎవరైనా దీన్ని చేపడతామంటే, కార్యక్రమ పత్రం అచ్చుకు వెళ్లకముందే నిర్ణయించండి. సభ ఏ రాష్ట్రంలోనైతే ఆ రాష్ట్ర చట్టం వేరు, ఆ కౌంటీ కోడ్ వేరు. వక్తకు అవి చదువుకుని రావడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఇట్లు,
నగర ప్రణాళికా విభాగంలో పనిచేస్తున్న ఒక తెలుగు ఉద్యోగిని